పద్నాలుగో వరుస

నా పని లెక్క కట్టడం.
కెర్బు రాయి మీటరుకింత, తారు టన్నుకింత,
ట్రాఫిక్ మళ్ళించే మనిషికి గంటకింత.
అతని చేతిలో పలక అద్దె వేరే.

ప్రెస్టన్‌లో, కార్విల్ రోడ్డు ట్రామ్ పట్టాలను దాటేచోట
నాలుగు మూలలూ నున్నగా, వెడల్పుగా ఉంటాయి,
అరవైల్లో ఎవరో పెద్ద కాంపస్ పెట్టి గీసినవి.
మలుపు తిరిగే కారు దాన్ని మలుపనుకోదు,
బ్రేకు మీద కాలు పెట్టకుండానే
ఎడమకి జారిపోతుంది.
ఆ ఎడమ పక్కన ఎవరో ఉన్నారన్నది
తర్వాత తెలిసే సంగతి.

బ్రోన్విన్ టకర్ ఆ గీతని మార్చింది.
డ్రాయింగులో మూలకో దీవి పెట్టింది,
కొబ్బరి ముక్క ఆకారంలో, పడవంత.
పన్నెండు మీటర్ల వంపుని నాలుగుకి లాగింది.
సైకిళ్ళు ఆగే గీతని కార్ల గీతకన్నా ముందుకి జరిపింది,
డ్రైవరుకి ముందు మనిషి కనపడాలని,
ఆ తర్వాతే రోడ్డు.

ఛందస్సు చెప్పిన మా మాస్టారు
పద్యానికి యతి ఎందుకండీ అంటే
ఊపిరికిరా, అనేవారు.
ఈ కూడలిలో పాదం మొదలుంది, చివరుంది,
ఊపిరికే చోటు వదల్లేదు.

నాలుగు దీవులకీ నేను వేసిన అంకె
మూడు లక్షల పన్నెండు వేల డాలర్లు.
కాంక్రీటు అందులో చిల్లర.
ఒక సిగ్నల్ స్తంభం పక్కకి జరగాలి,
మురుగు మూత రెండడుగులు తప్పుకోవాలి,
కింద ఎక్కడో ఒక గ్యాస్ గొట్టం,
ఎక్కడో ఎవరి మ్యాపులోనూ లేదు.
కంటికి కనపడనివే ఖరీదైనవి ఈ పనిలో.

మీటింగులో గ్లెన్ ఫారడే పెన్ను
పద్నాలుగో వరుస మీద ఆగింది.
"సిమెంటు ముద్దలకి ఇంతా?"
అదే కాగితం మీద ఆరో వరుస ఫ్లైఓవర్.
ఖర్చు పెరిగితే ఉంటుందిలే అని
దాని పక్కన పడేసిన సొమ్ముతో
నా దీవులు నలభై కట్టొచ్చు.
ఎవరూ చదవలేదు.
సున్నాలు మరీ ఎక్కువైతే అది అంకె కాదు, వాతావరణం.
ఏనుగుని కొనేశాం,
ఇక అంకుశం దగ్గర బేరం.

కొట్టేశారు. బదులుగా పచ్చరంగు.
రంగు వేసినచోటికి కార్లు రావని కాదు,
పచ్చగా వస్తాయి.

మరీటా లో నైట్ షిఫ్టు దిగి రోజూ అటే వస్తుంది.
వసంతంలో తల పొడిచే మాగ్‌పైల కోసం
హెల్మెట్‌కి ప్లాస్టిక్ ముళ్ళు కట్టుకుంది,
మే నెలొచ్చినా విప్పలేదు.
పిట్టలకైతే ఉపాయముంది, అంది ఒకసారి
నా వైపు చూడకుండా,
డెలివరీ వ్యాను వెళ్ళినవైపు చూస్తూ.

ఆ మే నెలలోనే, ఒక తడి పొద్దున
ట్రామ్ దిగి నిలబడిపోయాను.
ప్లేన్ చెట్ల ఆకులు రాత్రంతా రాలి
టైర్లు నడిచినచోట చెదిరిపోయి
నడవనిచోట మిగిలి కూర్చున్నాయి.
నాలుగు మూలలా నాలుగు కుప్పలు,
కొబ్బరి ముక్కల్లా.
టేపు తీసి కొలిచాను, నవ్వకండి.
బ్రోన్విన్ గీతకి జానెడు తేడా.
ఎవరికీ అక్కర్లేని ఆ తారుకే
ఇన్నేళ్ళూ నా చేత్తో అతుకులు మంజూరు చేయించాను.

మరీటా వచ్చింది. వెనకే వ్యాను.
తడి ఆకులంటే జారుడని భయమో ఏమో
కుప్పని తొక్కలేదు, చుట్టూ తిరగబోయి
ఆగింది.
రెండు సెకన్లు.
ఆమె వెళ్ళిపోయింది, బెల్లు కూడా కొట్టలేదు.
ఆ రెండు సెకన్లు రాయడానికి
నా షీట్లో గడి లేదు.

తొమ్మిదింటికి ఊడ్చే లారీ వచ్చింది
గుండ్రటి బ్రష్షులు తిప్పుకుంటూ.
మూలలు మళ్ళీ నున్నగా, వెడల్పుగా.
ఆ లారీ ముప్ఫై ఒకటో వరుస.
ఏటా పాసవుతుంది, ఎవరూ గొంతు సవరించుకోరు.

ఈ ఏడు దాని కిందే, అదే అక్షరాల్లో
ఇంకో వరుస చేర్చాను:
ఆకు కుప్పలు, నాలుగు. రాలిపోనివి.